పంట్లాం గుడ్డతో దొరసాని స్కర్టు

మా చర్చి సంఘ వార్షికోత్సవానికి పిల్లలు వేసే నాటికలో మా అమ్మాయికి దొరసాని వేషం ఇచ్చారు. పాత రోజుల్లో ఈ కొండలెక్కి వచ్చి జ్వరాలకు మందులిచ్చిన నర్సు ఆవిడ. నడుం దగ్గర బిగుతుగా, చీలమండల దాకా గొడుగులా విచ్చుకునే స్కర్టు కావాలి. సంతలో పాత బట్టల కుప్ప తిరగేస్తే అందుకు పనికొచ్చే చీరా లేదు, దుప్పటీ లేదు. ఉన్నవన్నీ మగవాళ్ల బూడిదరంగు పంట్లాలు. గుడ్డ గట్టిది, మడత నిలుస్తుంది. తెచ్చేశాను.

కుట్లు విప్పుతుంటే మొదలైంది నా అవస్థ. మగవాళ్ల బట్ట ఆడది తొడగరాదన్న బైబిలు వాక్యం చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠతా పట్టినదాన్ని. కత్తెరేస్తే అది మగవాళ్ల బట్ట కాకుండా పోతుందా?

కాళ్ల గొట్టాలు విప్పి తలకిందులు చేశాను. పాదాల వైపు సన్నటి అంచు నడుముకు, తొడల వైపు వెడల్పు కిందికి. ముక్కకి ముక్క కలుపుతూ పోతే నిజంగానే గొడుగు విచ్చుకుంది. అయినా మనసు నిలవలేదు. కాసేపు మిషను తొక్కడం, ఆపడం, గుమ్మం దాకా వెళ్లడం, మంచులో ఏమీ కనబడక తిరిగి రావడం. ప్రార్థనకు మోకరిస్తే కళ్ల ముందు పంట్లాలే. జిప్పులు, బొత్తాలు, బెల్టు పట్టీలు అన్నీ కోసి పారేశాను. జేబులు మిగిలాయి.

"జేబొకటి ఉంచమ్మా," అంది మా అమ్మాయి. "మాత్రలు అందులోంచి తీయాల. సేతిలో పట్టుకుంటే ముందే అందరికీ కనబడిపోద్ది."

"జేబు కూడా పెడితే ఇంకది పంట్లామే కదే!"

"ఓలమ్మ! మరి నువ్వు తొడుక్కున్నదేటి?"

చూసుకున్నాను. మా ఆయన స్వెట్టరు. చలి మొదలైన దగ్గర్నుంచీ అదే. దాంతోనే మందిరానికి వెళ్తున్నాను, దాంతోనే స్త్రీల కూడికలో వాక్యం చదువుతున్నాను.

"అయితే తీసీమంటావేటి?"

"నానేటి సెప్తాను? వాక్యం సదివింది నువ్వు."

తీసి గోడకు తగిలించి మళ్లీ మోకరించాను. పళ్లు టకటకలాడుతుంటే ప్రభువుకి ఒక్క మాటా పూర్తిగా చెప్పలేకపోయాను. వెనక మా గుంట కిసుక్కున నవ్వింది. ఆమేన్ దాకా రాకుండానే లేచి, స్వెట్టరు తొడుక్కుని, స్కర్టు పక్క కుట్టు విప్పి జేబు పెట్టాను.

నాటికలో మా అమ్మాయి జేబులోంచి మాత్రలు తీసినప్పుడు మందిరమంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ముందు వరసల్లో ఆడవాళ్ల ఒంటి మీద ఎవరెవరి మొగుళ్ల స్వెట్టర్లున్నాయో పోల్చుకుంటూ కూర్చున్నాను.