శిక్షలో ఉన్న ఎమ్మిగనూరు లైను

"ఎమ్మిగనూరు షెడ్డులో బ్యాటరీ సచ్చిపోయిందిమా. ఆడ కరెంటు పోయినప్పుడల్లా నెట్టు లైను పోతాంది, మళ్ళ వస్తాంది. కొత్తది కొందాం," అన్నాడు నా కొడుకు వీరేశు.

"నిలకడ లేనిదానికి కొత్త బ్యాటరీ ఎందుకురా? దాన్ని నమ్మేది మానుకో," అన్నాను.

"సరే, శిక్ష ఏస్తా. తర్వాత నన్ను అనగాకు."

వీరేశు ఆదోనిలో ఇళ్ళకు ఇంటర్నెట్ ఇస్తాడు. నేను చదివింది నాలుగో తరగతి. దయ్యాలను నమ్మేవాళ్ళంటే నాకు రోత. చేతిలో పని లేనివాళ్ళకే అవి కనబడతాయి.

మా ఇంటర్నెట్టుకు దారులు రెండు: ఒకటి ఆస్పరి మీదుగా, ఒకటి ఎమ్మిగనూరు మీదుగా. ఎమ్మిగనూరు దారి పోయి వచ్చిన ప్రతిసారీ ఇక్కడి రూటర్ పెట్టెలు దారి మళ్ళీ వెతుక్కుంటాయి, ఇళ్ళలో అన్నీ ఆగిపోతాయి. అందుకని వీరేశు మా ఇంట్లోని పెట్టెకు ఒక పద్ధతి నేర్పాడు. దారి పడిపోయినప్పుడల్లా ఒక తప్పు మార్కు. మార్కులు హద్దు దాటితే, దారి తిరిగొచ్చినా అటు ఎవరినీ పంపదు; అదే శిక్ష. కుదురుగా ఉంటే మార్కులు సగం, అందులో సగం తగ్గుతాయి. బాగా తగ్గాకే రానిస్తుంది.

దీనికి ఇంత చదువా! నా మొగుణ్ణి నేను ఇట్లాగే ఏలాను. మాటా మాటా వస్తే చాలు, ఎమ్మిగనూరులో మా మగ్గాల షెడ్డుకు పోయేవాడు, రెండు రోజులకు వచ్చేవాడు. పోయిన కొద్దీ, తిరిగొచ్చాక తలుపు తీయకుండా అరుగు మీద కూర్చోబెట్టే గంటలు పెంచాను. ఆఖరిసారి సాయంత్రం దాకా కూర్చుని, నేను తలుపు తీయకముందే లేచి మళ్ళీ షెడ్డుకు పోయాడు. ఆ షెడ్డులోనే ప్రాణం పోయింది. ఇప్పుడు అక్కడి పెట్టె ఉన్నది దాంట్లోనే.

వారం తర్వాత, ఒక మధ్యాహ్నం, ఆస్పరి దగ్గర ఎవరో తవ్వి తీగ తెంపారు. వీరేశు బండేసుకుని పోయాడు. సరిగ్గా అప్పుడే మనవరాలు సుజాతకు కంప్యూటర్లో ఉద్యోగం ఇంటర్వ్యూ. పొద్దున ఎమ్మిగనూరులో నాలుగుసార్లు కరెంటు పోయి ఆ దారి శిక్షలో ఉంది. శిక్ష ఎత్తేయడం వీరేశుకే తెలుసు. ఫోన్ ఎత్తలేదు.

"అవ్వా, లైను వచ్చి కూసోనుంది, పెట్టె రానీయడంలే!" అని పిల్ల ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండింది. పెట్టె వైపు తిరిగి, "ఇంగ సాలు కూసున్నది. లోపలికి రా," అన్నాను. మొగుడితో ఒక్కసారీ అనని మాట.

తెర మీద మనుషులు వచ్చారు. అరగంట పిల్లను ప్రశ్నలడిగారు.

సాయంత్రం వీరేశు పెట్టె రాసుకున్నదంతా చదివాడు. ఇంటర్వ్యూ అయిపోయిన పావుగంటకు గానీ శిక్ష తీరలేదు. ఆస్పరి తీగ అప్పటికింకా అతకనేలేదు.

"మరి ఆ అరగంటా నెట్టు యాడనుంచి వచ్చిందిమా?"

"నన్నడుగుతావేంరా, సదువుకున్నోడివి!"

నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళ మొహం నేను చూడను.

మరుసటి పొద్దున ఎమ్మిగనూరు బస్సెక్కాను. కొత్త బ్యాటరీ కొని షెడ్డులో పెట్టించాను. బేరమాడలేదు.