చెంప మీది మానని మచ్చ

బడి యూనిఫారాలు కుట్టే షాపులో ఆమెని అందరూ కాజాల పిన్ని అనేవాళ్లు. ఆమె కుట్టిన కాజాలోంచి బొత్తాం బయటికి రావాలంటే పిన్ని పర్మిషన్ కావాలని షాపు నడిపే టైలరు మాస్టారు వేళాకోళం చేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్కతో కలిసి మేడ మీద ఒక గదిలో ఉండేది. అక్క ఒక బడిపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఇద్దరికీ ఒకటే చాప, ఒకటే దుప్పటి. చిన్నప్పటి నుంచీ అక్క మాటంటే పిన్నికి రాతి మీద గీత.

మచ్చ మొదలైనప్పుడు కందిగింజంత ఉంది, ఎడమ చెంప మీద, చెవికి కాస్త కింద. నొప్పి లేదు, దురద లేదు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి కోటు బొత్తామంత అయింది. ఒక పక్క మానినట్టే మాని చర్మం పల్చగా ముడుచుకుపోయేది, రెండో పక్క అంచు మెల్లగా ముందుకు పాకేది. మందుల షాపులో తామర అని ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు, తర్వాత ఇంకొకటి. రెండోది రాస్తే ఎరుపు వారం రోజులు తగ్గి, ఆ పైన రెట్టింపైంది. ఆ మందులన్నీ రాసింది అక్కే. రోజూ సాయంత్రం పిన్ని గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, ఒంట్లో వేడమ్మా, అదే పోతుందిలే అనేది.

చివరికి మాస్టారే కోప్పడి పెద్దాసుపత్రికి పంపాడు. అక్క తోడు వెళ్లింది. చర్మాల డాక్టరమ్మ చిన్న గాజు పలకని మచ్చ మీద నొక్కిపెట్టి చూసింది. ఎరుపు పోయి అడుగున తేనెరంగు చుక్కలు మిగిలాయి. ఎన్నేళ్లయిందని, ఏమేం రాశారని అడిగి, ఇది తామర కాదు, క్షయ కావచ్చు అంది. క్షయ అంటే ఊపిరితిత్తులకే వస్తుందనుకున్న పిన్ని బిత్తరపోయింది. క్రిమి గాలిలోంచి ఒంట్లోకి చేరి, నెత్తుట్లో కలిసి చర్మానికీ రాగలదని, ఈ మచ్చ ముట్టుకుంటే మాత్రం ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. గింజంత చర్మం ముక్క తీసి పరీక్షకి పంపింది. ఛాతీ ఎక్స్‌రే రాసింది. తర్వాత అడిగింది, ఇంట్లో ఎవరైనా నెలల తరబడి దగ్గారా అని.

"లేదండీ. అక్కే ఒక వానాకాలం దగ్గింది. హాస్టల్ స్టోరు గదిలో దుమ్ము పడక."

డాక్టరమ్మ అక్క వైపు చూసింది. "దుమ్మేనండీ," అంది అక్క. అయినా ఒకసారి ఆమె కూడా పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. హాస్టల్లో సెలవు దొరకదని అక్క ఆ సంగతి నాన్చుతూ వచ్చింది.

ముక్క పరీక్షలో క్షయ అని తేలింది. పిన్ని ఒక్కతే వెళ్లి మాత్రలు తెచ్చుకుంది. ఇంటికొచ్చేసరికి అక్క కూర తరుగుతోంది. కనీసం ఆరు నెలలు వాడాలట, ఒక్కరోజు కూడా మానకూడదట అని చెప్పింది పిన్ని.

అక్క తల ఎత్తకుండానే అంది. "మొదట్లో ఒంటేలు ఎర్రగా వస్తే నెత్తురనుకొని హడలిపోకు. అలవాటైపోతుంది."

అదే మాట ఆసుపత్రిలో నర్సు పిన్నికి చెప్పింది. పిన్ని ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"నీకెలా తెలుసక్కా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. చాలాసేపు తప్పించుకోవాలని చూసింది గానీ, నోరు జారాక ఇంక దాచడానికి ఏం మిగలలేదు. ఆ వానాకాలం దగ్గు దుమ్ము కాదు. ఊరి అటు చివర ఆసుపత్రిలో చూపించుకుంది, మాత్రలు హాస్టల్లో పెట్టుకుని మింగింది, రెండు నెలలకి దగ్గు తగ్గితే మానేసింది. తెలిస్తే వంటపని తీసేస్తారని భయం. పిన్ని మీద కూడా భయమే.

"నువ్వు కూడా చాప వేరే వేసుకుంటావేమోనని."

"కిటికీ తీసి పడుకునేదాన్ని," అంది పిన్ని. "నిన్ను మాత్రలు మాననిచ్చేదాన్ని కాదు."

ఆమెని కాల్చింది జబ్బు కాదు. రోగం సంగతి తెలిసిన ఆ చేతులే రోజూ మచ్చకి తామర మందు రాశాయి, డాక్టరమ్మ ఎదుట ఆ నోరే దుమ్మని చెప్పింది. మచ్చకీ తన దగ్గుకీ సంబంధం ఉందని తట్టలేదని అక్క ఒట్టేసింది. మొదట్లో తట్టలేదేమో. డాక్టరమ్మ అడిగిన రోజు మాత్రం తట్టింది. ఆ ముక్క అక్కే ఒప్పుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది పిన్ని బతుకు.

మర్నాడు అక్కని ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లింది. కఫంలో క్రిములున్నాయి. మధ్యలో మానేసిన కేసు కాబట్టి మందులకి లొంగుతాయో లేదో చూసి మరీ మాత్రలిచ్చారు, అదృష్టం బాగుండి లొంగాయి. హాస్టల్ పిల్లలందరికీ పరీక్షలు చేశారు. కఫం శుభ్రపడేదాకా అక్క పనిలోకి వెళ్లలేదు. తర్వాత హాస్టల్ వాళ్లే మళ్లీ పిలిచారు. ఇన్నాళ్లు భయపడి దాచింది అంత చిన్న సంగతి కోసమా అని పిన్నికి ఇంకా మండింది.

పొద్దున్నే ఇద్దరూ మాత్రలు వేసుకునేవాళ్లు. అక్క మింగాక నోరు తెరిచి చూపించమనేది పిన్ని. అవసరమైతే తప్ప మాట లేదు. రెండో నెలకే మచ్చ అంచు పాకడం ఆగింది, తర్వాత చదునైంది. కోర్సు అయ్యేసరికి తెల్లటి పల్చని గుర్తొకటి మిగిలింది.

అక్క మాత్రలు ఇంకా కొన్నాళ్లకి పూర్తయ్యాయి. ఆ సాయంత్రమే పిన్ని బట్టలు సర్దుకుంది. షాపు వెనక గది మాస్టారుతో ముందే మాట్లాడి పెట్టుకుంది.

"నా మందులు అయిపోయాయిగా, ఇప్పుడెందుకే వెళ్లడం?" అంది అక్క.

"అయ్యేదాకా ఆగాను, అంతే."

ఇప్పటికీ వచ్చిపోతూనే ఉంటుంది. అక్కకి జ్వరమొస్తే గంజి కాచి పెడుతుంది. ఎలా ఉందని మాత్రం అక్కని అడగదు. నుదుటి మీద చెయ్యి వేసి తనే చూసుకుంటుంది.