బంబా అని రాసింది నేనే

పొలానికి నీళ్లు పెట్టే డబ్బాను బాంబు అన్నారు. దాన్ని చేసిన ముసలాయనను నాలుగు రోజులు ఠాణాలో బల్ల మీద కూర్చోబెట్టారు. తప్పేమీ లేదని తెలిశాక ఒక్క మాట అనకుండా, ఒక్క కాగితం ఇవ్వకుండా ఇంటికి పొమ్మన్నారు. డబ్బా మాత్రం ఉంచుకున్నారు. ఆ మనిషి ఈ మంగళవారం పొద్దున కోరుట్లలో చనిపోయాడు. ఆయన నాకు ఉస్తాద్.

ఆ డబ్బా మీద నల్ల మార్కర్‌తో ఉన్న అక్షరాలు ఆయనవి కావు. నావి. ఈ మాటను ఇన్నాళ్లూ నోట్లోంచి రానివ్వలేదు. భయం. ఇది రాస్తుంటే కూడా భయంగానే ఉంది. వీధిలో ఏ బండి ఆగినా కలం ఆగుతోంది. చదివే మీరు నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు. ఆయన పేరు మీద పడ్డ ఆ ఒక్క మాట తుడుచుకుపోవాలి, అందుకే రాస్తున్నా.

నేను సిరిసిల్లలో సాంచెలు నడుపుతాను. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటాం. బడి ఐదో తరగతితో సరి. నాకు అక్షరాలు వచ్చింది గోడల మీద. ఉద్యమంలో గోడల మీద నినాదాలు రాసేవాళ్ల వెంట రంగు డబ్బా మోసుకుంటూ తిరిగి, చూసి చూసి, వాళ్లకంటే బాగా రాయడం పట్టుకున్నా. సిరిసిల్లలో, కోరుట్లలో, జగిత్యాల బస్టాండు దిక్కున ఎర్రగా కనిపించే ‘జై తెలంగాణ’ల్లో చాలా నావే. నా రాతకు ఒక గుర్తుంది. అందరిలా సున్న చుట్టి ఊరుకోను. దానికి తోక పెట్టి, ఆ తోకను వెనక్కి లాగి ముందున్న అక్షరం నెత్తి మీద గొడుగులా వంచుతా. తెలంగాణలోని సున్న మీద ఆ తోక చూసి జనం ఇది ఫలానావాడి రాత అనేవాళ్లు. అప్పుడది నాకు గొప్ప.

ఉస్తాద్ దుకాణం కోరుట్లలో, మా అక్క ఇంటికి రెండు వీధుల అవతల. ముందు గది దుకాణం, పరదా వెనక ఇల్లు. రేడియో, టీవీ, ఫోన్, ఫ్యాన్, మిక్సీ, ఏది తెచ్చినా కాదనేవాడు కాదు. పలుకని ఫోన్ పట్టుకుని మొదటిసారి పోయినప్పుడు దాని మూత తెరవకముందే నన్ను అడిగాడు.

“ఎవలు కొట్టిన్రు?”

“ఎవ్వలు కొట్టలే ఉస్తాద్. కింద పడ్డది.”

“పడ్డదా, ఇసిరికొట్టినవా?”

కార్ఖానా సేఠ్‌తో లొల్లి పెట్టుకుని గోడకేసి కొట్టిన మాట నిజం.

“కోపం నీది, దెబ్బ దానికా? గిదేం ఇన్సాఫ్ బేటా?” అని నవ్వాడు. “టీవీని కొట్టనోడు కోరుట్లల లేడు. రెండు దెబ్బలకు గవర్నమెంటే పర్మిషన్ ఇచ్చింది అనుకుంటరు అందరు.”

ఆ రోజు నుంచి కోరుట్ల వచ్చిన ప్రతిసారీ అక్క ఇంట్లో సంచి పడేసి ఆయన దగ్గరికే పోయేవాణ్ని. పని నేర్చుకోవడానికి కాదు, ఆ మాటల కోసం. ఒకాయన టీవీ ఎత్తుకొచ్చి, “ఉస్తాద్, మాట అత్తంది గని బొమ్మ అత్తలేదు” అన్నాడు. “మా ఇంట్ల గూడ నలభై ఏండ్ల సంది గంతే. మాట ఒక్కటే అత్తది” అన్నాడు ఉస్తాద్. వెంటనే పరదా వెనక నుంచి ఆయన భార్య, మా చాచీ గొంతు. “బొమ్మ గావాల్నంటె కండ్లద్దాలు తుడుసుకోమను.” టీవీ తెచ్చినాయన నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడ్డాడు.

సమ్మెలు, కరెంటు కోతలు జోరుగా ఉన్న రోజుల్లో రిలే దీక్షల టెంటు నుంచి లేచి వచ్చి నేనొకసారి అడిగా. “తెలంగాణ అస్తె కరెంటు అస్తదా ఉస్తాద్?”

“వత్తదో రాదో నాకెరుక లేదు. పోయినప్పుడు తిట్టెతందుకు మాత్రం మనోడే దొరుకుతడు. గదేం తక్కువనా?”

ఒక ఆదివారం నన్ను జగిత్యాల తీసుకుపోయాడు, ఖిల్లా దిక్కున పాత సామాను దుకాణాలకు. చిన్న చిన్న వస్తువులను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కాలిన వాసనలు మూడు రకాలట. రొట్టె మాడినట్టు వస్తే బాగుచేయవచ్చు, వెంట్రుక కాలినట్టు వస్తే ఆలోచించాలి, పుల్లగా వస్తే దండం పెట్టి వదిలేయాలి. దుకాణం వాడు, “ముసలాయనా, సామాను కొంటవా, అత్తరు కొంటవా?” అన్నాడు. ఉస్తాద్ కాలిన రేడియో తీగచుట్ట ఒకటి వాడి ముక్కు దగ్గర పెట్టి, “సూడు, గీ అత్తరు నీ దుకాణంలనే దొరుకుతది” అన్నాడు.

ఆయన మాటల్లో నన్ను ఇప్పుడు పొడుస్తున్నది ఒకటుంది. ఒక పెద్దమ్మ రేడియోను బాగుచేయబోయి తానే కాల్చేశాడు. ఆమె వచ్చి అడిగితే, “నేనే కాల్చిన అమ్మా” అన్నాడు. అట్లా ఎందుకు చెప్పావు, పాతబడి పోయిందంటే ఆమెకేం తెలుస్తుంది అని నేనన్నా. “ఎవల తప్పో తెలువకపోతె ఏ మిషనూ బాగుకాదు బేటా. మొదలు గది చెప్పాలె, తర్వాత పానా పట్టాలె” అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడానికి ఏముంది.

డబ్బా సంగతి చెబుతా. మల్లాపూర్ దిక్కు నుంచి ఒక అక్క వచ్చేది. భర్త దుబాయ్‌లో, ఆమె ఒక్కతే వ్యవసాయం. పొలం ఇంటికి దూరం. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడల్లా బోరు మోటరు వేయడానికి పరుగెత్తాలి, దారిలో పాములు. ఉస్తాద్ ఆమె కోసం ఒక రేకు డబ్బాలో ఆమె తెచ్చిచ్చిన పాత ఫోన్ పెట్టి తీగలు కలిపాడు. ఇంట్లో కూర్చుని ఆ ఫోన్‌కు మిస్డ్ కాల్ కొడితే లోపల మీట టక్కున పడి మోటరు నడుస్తుంది. మళ్లీ కొడితే ఆగుతుంది.

తెలుగు మాట్లాడితే ఉస్తాద్‌ను పక్క ఊరి రైతు అనుకునేవాళ్లు. రాయడం మాత్రం ఉర్దూలోనే వచ్చు. అందుకని డబ్బా నా ముందుకు జరిపాడు.

“గోడల పంతులూ, దీని మీద పేరు రాయి. బంబా ఫోన్.”

“బంబా ఏంది ఉస్తాద్?”

“మా తాతల కాలం సంది నీళ్లు తోడేదాన్ని బంబా అంటం.”

“మోటర్ ఫోన్ అని రాస్త. అందరికి సమజైతది.”

“మోటర్ అంటె ఉత్త ఇనుము. బంబా అంటె నీళ్లున్నట్టు వినబడతది. రాయి.”

రాశాను. గోడ మీద రాసినట్టే రాశాను, పెద్దగా, జోరుగా. ‘బ’ పక్కన సున్న చుట్టి, అలవాటు కొద్దీ తోక వెనక్కి లాగి బ నెత్తి మీద వంచాను. అక్కడ తోక దీర్ఘంలా కనిపిస్తుందని నాకు తట్టలేదు. రాసినవాడికి బంబా. చూసినవాడికి బాంబా.

రెండు రోజుల తరువాత ఉస్తాద్ ఆ డబ్బాను సంచిలో పెట్టుకుని ఆటోలో మల్లాపూర్ బయలుదేరాడు. అదే రోజు ఎవరో పెద్ద నాయకుడు ఆ రోడ్డున వస్తున్నాడు, ఉద్యమం వాళ్లు అడ్డుకుంటామన్నారు, అడుగడుగునా పోలీసు తనిఖీలు. ఆటో ఆపి సంచి తెరిచారు. తీగలు, ఫోన్, పైన నా అక్షరాలు. సరిగ్గా అప్పుడే ఆ అక్క, డబ్బా తయారైందో లేదో చూద్దామని మిస్డ్ కాల్ కొట్టింది. డబ్బా లోపల ఫోన్ వెలిగింది. మీట టక్కుమంది.

“అందరు బోర్ల పడుకున్నరు బేటా, నేనొక్కన్నే నిలబడ్డ. మిషన్ మంచిగ పనిచేస్తుందని ఖుషీ అయిన” అని తరువాత ఆయనే నాకు చెప్పాడు. అది విని నేను నవ్వలేకపోయాను.

ఆయనను తీసుకుపోయిన సాయంత్రం మా బావ సిరిసిల్లకు ఫోన్ చేశాడు. “మీ ఉస్తాద్‌ను పట్టుకపోయిన్రు. డబ్బా మీద బాంబని రాసున్నదట. రాసినోని కోసం దేవులాడుతున్రట.” బావకు తెలియదు రాసింది నేనని. నేను “గట్లనా” అన్నాను. అంతే అన్నాను.

ఆ నాలుగు రోజులూ నేను ఠాణాకు పోలేదు. పోయి రాసింది నేనే అంటే ఆయనను ఆ పూటే వదిలేసేవాళ్లేమో. ఇద్దరినీ లోపల వేసేవాళ్లేమో. ఈ రెండో మాటను పట్టుకుని వేలాడాను. సాంచెల చప్పుడులో పక్క మనిషి అరిచినా వినిపించదు, జీపు వచ్చి ఆగినా వినిపించదు. అందుకని నిమిషానికోసారి తలుపు వైపు చూశాను. పోగులు తెగిపోతున్నా కనిపించలేదు. పక్క సాంచెలు నడిపే ముసలి కాక వచ్చి చెవిలో అరిచాడు. “ఏందిర, పిల్లనిచ్చెటోళ్లు అస్తున్రా? ఒక్కతీరుగ తలుపు దిక్కే సూత్తున్నవ్!” మార్కర్‌ను మోరిలో పడేశాను. హాజరు పుస్తకంలో సంతకం చేసేటప్పుడు సున్నకు తోక పెట్టలేదు. మా వీధి చివరి గోడ మీద నా ‘తెలంగాణ’ కనిపించింది. పొద్దు పొడవకముందే సున్నం తెచ్చి, ఆ ఒక్క సున్న మీద పూశాను. గోడ మీద ‘తెల గాణ’ మిగిలింది. ఉద్యమానికి ప్రాణమిస్తానని టెంటులో మైకు పట్టుకుని అరిచిన మనిషిని నేను.

ఆయన ఇంటికి వచ్చిన రెండు వారాలకు పోయాను. షట్టరు సగం దించి ఉంది. ఉస్తాద్ చాయ్ సాసర్ ఎత్తుకుంటే చెయ్యి గడగడా వణికి చాయ్ లుంగీ మీద ఒలికింది.

“చెయ్యి పోయింది బేటా. ఇగ టంకం పెట్టుడు అయితలేదు.”

ఠాణాలో కొట్టారా అని అడిగాను. లేదన్నాడు. మరి ఎట్లా పోయిందంటే, “పాతబడ్డది” అన్నాడు. పని తెచ్చినవాళ్లను ఒక్కొక్కరినే వెనక్కి పంపాడు. కొన్నాళ్లకు తేవడం కూడా మానేశారు. చౌరస్తాలో ఎవడో ‘బాంబుల ఉస్తాద్’ అన్నాడు, అదే పేరైంది. నమాజుకు పోతుంటే పిల్లలు నోటితో ఢాం అనేవాళ్లట. నోరు తెరిస్తే జోకు వేసే మనిషి తల దించుకుని నడిచాడట. ఇవన్నీ మా అక్క చెబుతుంటే వింటూ అన్నం తిన్నాను.

మంగళవారం పొద్దున గుండె ఆగింది. డాక్టర్ అదే చెప్పాడు, కాదనను.

మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయ్యాక చాచీ నన్ను పరదా లోపలికి పిలిచింది.

“నీకొక ముచ్చట చెప్పాలె బేటా. ఆయన చెయ్యి వణకలే.”

చాయ్ లుంగీ మీద ఒలికింది నా ముందే కదా అన్నాను.

“తలుపు బిగిస్తె మంచిగనే ఉంటుండె. నా సూదిల దారం గూడ ఆయనే ఎక్కిచ్చిండు. తలుపు తెరిస్తె సాలు, మల్ల వణుకుతుండె. గిదేం నాటకమయ్యా అని లడాయి పెట్టుకున్న. అప్పుడు చెప్పిండు. గాడ ఠాణాల కాయితం ముందల పెట్టి, రాత ఎవలదని అడిగిన్రట. నాదే సార్ అన్నడట. అయితె రాసి సూపెట్టు అన్నరట. తెలుగు రాత ఆయనకేడిది? చెయ్యి వణుకుతది సార్, రాయరాదు అన్నడట.”

“మరి ఇంటికచ్చినంక ఎందుకు చాచీ?”

“ఠాణా నుంచి ఒగాయన రెండుసార్లు వచ్చి దుకాణం ముందట నిలబడి సూసిపోయిండు. చెయ్యి మంచిగున్నదని తెలిస్తె మల్ల కాయితం పెడతరు. ‘ఆ రాత ఎవలదో తెలిసిందా, సిరిసిల్ల గోడల మీది రాతలన్ని వాని మీద పడతయ్’ అన్నడు. నాకు గప్పటిదాక నువ్వని తెల్వదు.”

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వెంట్రుకంత తీగకు టంకం పెట్టే చెయ్యి, దుకాణంలో పని ముందు పెట్టుకుని, రెండు నెలలు వణుకును నటించింది. పని లేకపోతే ఆ మనిషికి ఊపిరి ఆడదని నాకు తెలుసు. వాళ్లు నాలుగు రోజులు పట్టుకుంటే, నేను రెండు నెలలు పట్టుకున్నాను.

ఇక ఇది ఆ ఠాణా వాళ్లకు. మీ పేరు నేను ఇక్కడ రాయడం లేదు, మీకు తెలుసు. ఆ డబ్బాలో ఉన్నది మోటరు వేసే ఫోన్ అని, దాన్ని చేసిన మనిషి మీద ఏ తప్పూ లేదని తెలుగులో, ఉర్దూలో రాసి, ముద్ర వేసి, పట్టపగలు ఆ దుకాణం షట్టరుకు అతికించాలి. డబ్బాను మల్లాపూర్ దిక్కు అక్కకు అప్పజెప్పాలి. ఆమె ఇప్పటికీ పాముల దారిలోనే పరుగెత్తుతోంది.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటల లోపు జవాబు కావాలి. రాకపోతే పదీ ఒక నిమిషానికి నేనే మీ గేటు లోపలికి వస్తాను. ఇప్పుడు నిజంగా వణుకుతున్నది నా చెయ్యి, అయినా వస్తాను. కాగితం, మార్కర్ నేనే తెచ్చుకుంటా. మీ బల్ల మీద, మీ కళ్ల ముందు రాస్తాను. సున్న తోక ఎటు వంగుతుందో చూసుకోండి.