మండపేట దగ్గర నేను చేయలేకపోయిన ప్రార్థన

నా భార్య పోయాక జరిగిన ఆదరణ కూడికలో అందరూ "దేవుని చిత్తం మాస్టారూ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాదిపాటు చర్చి మెట్లెక్కలేదు, ప్రార్థన నోట రాలేదు. వేదాంత పుస్తకాలు మాత్రం ముందేసుకు కూర్చున్నాను. బాధ దేవుడు పెట్టే పరీక్ష అని కొందరు రాశారు. సిలువ మీద దేవుడే బాధపడ్డాడు కాబట్టి బాధపడేవాడి పక్కనే ఉంటాడని కొందరు. బైబిలులో ఐగుప్తు బానిసల మొర విన్నవాడు నేటి కూలీలనూ విడిపిస్తాడని మరికొందరు. చదువుతున్నంతసేపూ బాగుండేది, పుస్తకం మూస్తే మళ్ళీ ఖాళీ ఇల్లే. ఒకప్పుడు నాకు బైబిలు పాఠాలు చెప్పిన పాస్టరు గారు మండపేట దగ్గర పల్లెలో ఉన్నారని తెలిసి, 2003లో ఒక ఆదివారం బయలుదేరాను.

రాజమండ్రిలో ఏడింటికి బస్సెక్కితే మండపేటకు గంట పైనే పట్టింది. టికెట్టు పన్నెండు రూపాయలు. అక్కడి నుంచి షేర్ ఆటో ఉంది. "ఒక్కరేనా అండి?" అన్నాడు డ్రైవరు. ఒక్కణ్ణే అని చెప్పడం నాకింకా అలవాటు కాలేదు.

పాస్టరు గారు నన్ను మాస్టారని అందరికీ పరిచయం చేశారు, చర్చిలో చాపల మీద కూర్చున్నాం. ప్రార్థన విన్నపాలప్పుడు మరియమ్మ అనే మిల్లు కూలీ లేచింది. బియ్యం మిల్లు బెల్టులో పడి ఆవిడ కుడిచేతి వేళ్ళు పోయాయి. "దేవుని చిత్తానికి లోబడే కృప అడుగుదాం" అన్నాడొక సంఘపెద్ద. పాస్టరు గారు ఒప్పుకోలేదు.

"బెల్టుకి అడ్డు పెట్టించనిది దేవుడా అండి? రేపు అందరం యజమాని దగ్గరికెళ్ళి అడుగుదాం. మనకంటే ముందు దేవుడే అక్కడుంటాడు."

కొత్తగా వచ్చినవాళ్ళ చేత ప్రార్థన చేయించడం మా చర్చిల్లో ఆనవాయితీ. ఆవిడ కోసం ప్రార్థించమని నన్నే లేపారు. "ప్రభువా" అన్నాను, అంతే. అందరూ కళ్ళు మూసుకుని "స్తోత్రం" అంటూ ఎదురుచూస్తున్నారు. చివరికి "మా ఆవిడ పోయిందండి" అన్నాను. దేవుడితో అన్నానో, వాళ్ళతో అన్నానో తెలియదు.

మరియమ్మ నా వైపు తిరిగింది. "పర్లేదండి మాస్టారూ. మీరలా నిలబడండి, నేను చేత్తానండి." కట్టు కట్టిన చెయ్యెత్తి, "ప్రభువా, ఈయన ఏడుత్తున్నారు. నువ్వూ ఏడుత్తున్నావు. అది ఈయనకి తెలవట్లేదు. కాస్త దగ్గరకి జరుగు" అంది.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. దేవుడు దగ్గరకి జరిగాడో లేదో చెప్పలేను, ఒంటరితనం మాత్రం తగ్గలేదు. కానీ వేళ్ళు పోయిన మనిషి తన సంగతి పక్కనపెట్టి నా కోసం అడిగింది. ఆ మాట తలుచుకుని దారంతా ఏడ్చాను.

ఇలాంటి పల్లె చర్చికి వెళ్ళేవారికి ఒక సూచన: మిమ్మల్ని ప్రార్థన చేయమని తప్పకుండా అడుగుతారు. నోట మాట రాదనిపించినా, పాస్టరు గారికి ముందే చెప్పి తప్పించుకోకండి. లేచి నిలబడండి.