స్కూటర్‌తో ఓడెక్కాం

వెన్నుకి ఆపరేషన్ అయ్యాక నా ఎడమ కాలు నా మాట వినడం మానేసింది. ఇంట్లో చేతికర్రతో నెట్టుకొస్తాను. దూరమైతే నడవలేనివాళ్లు కూర్చుని వెళ్లే బ్యాటరీ స్కూటర్. అలాంటిదాన్ని ఓడ ప్రయాణం చేస్తానంటే మా ఆయన మూర్తి కంగారుపడ్డారు.

"నేల మీదే తూలుతున్నావు, ఊగే ఓడ మీద ఎందుకు, రాజీ?"

"ఓడ మీదైతే అందరూ తూలుతారు కదండీ. నేనొక్కదాన్నే తేడాగా కనపడను."

ఆ సాయంత్రమే బుక్ చేసేశాను.

నాలాంటివాళ్లు వెళ్లదలిస్తే ఒక మాట. వీల్‌చెయిర్ పట్టే గదులు ఓడలో కొన్నే ఉంటాయి, ముందే అయిపోతాయి. ఫోన్ చేసి మాట్లాడండి. ఓడ రేవుకి ఆనుకుని ఆగుతుందా, దూరంగా ఆగి చిన్న పడవల్లోకి దింపుతారా అని తప్పకుండా అడగండి. చిన్న పడవలైతే స్కూటర్‌ని రానివ్వకపోవచ్చు. స్కూటర్ వెడల్పు కూడా కొలుచుకోండి. మా ఆయన ముందు స్కూటర్‌ని కొలిచారు, తర్వాత నేను కూర్చున్న స్కూటర్‌ని కొలిచారు, ఆ తర్వాత టేపు పట్టుకుని నా వైపు చూస్తుంటే నేనే లాక్కున్నాను.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి మా ఊరు ఫ్రిస్కోలో బయల్దేరాం. మా ఆయనే డ్రైవ్ చేశారు. హ్యూస్టన్ ట్రాఫిక్ దాటుకుని, ఓడ ఎక్కాల్సిన గాల్వెస్టన్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ రాత్రి రేవు దగ్గర హోటల్లో పడుకున్నాం. ఓడెక్కే రోజున అంత డ్రైవ్ పెట్టుకోకపోవడమే మంచిది.

మర్నాడు పదకొండింటికి టెర్మినల్. సామాను పోర్టర్ తీసుకున్నాడు. నడవలేనివాళ్లకి వేరే వరస ఉంది, త్వరగానే పంపించారు. కానీ మా ఆయన మంత్రిగారి కాన్వాయ్ ముందు జీపులా నాకు పది గజాల ముందు నడుస్తూ "ఎక్స్‌క్యూజ్ మీ! మై వైఫ్ ఈజ్ కమింగ్!" అని కేకలు పెట్టారు. జనం నిజంగానే ఎవరో వస్తున్నారనుకుని పక్కకి జరిగి, నన్ను చూసి నిరాశపడ్డారు.

గది బాగుంది. స్కూటర్ తిరగాలి కాబట్టి మామూలు గదికంటే పెద్దది. బాత్‌రూమ్‌కి గడప లేదు, షవర్ కింద మడత కుర్చీ, చేతికందేలా కడ్డీలు. ఎదురు గదిలో శ్రావణి అనే తెలుగమ్మాయి దిగింది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్, మా ఫ్రిస్కోవాళ్లే. మా గదిలోకి తొంగిచూసి, "అయ్యో ఆంటీ, మా రూమ్‌ల సూట్‌కేస్ తెరిస్తే మనిషికి జాగ ఉండదు. మీది మస్తుగుంది" అంది. నా కాలి వల్ల ఒకరు నన్ను చూసి అసూయపడటం అదే మొదలు.

రాత్రి భోజనంలో వెయిటర్ నన్ను దాటి మా ఆయన్ని అడిగాడు. "మేడమ్‌కి సూప్ కావాలా సర్?"

"వద్దు. ఆవిడకి పడదు" అన్నారాయన.

నేను పాతికేళ్లు ఆస్పత్రిలో పాథాలజిస్టుగా పనిచేశాను. నాకు ఏది పడుతుందో కొంచెం తెలుసు. అయినా ఆ సూప్ పక్క టేబుల్‌కి వెళ్లిపోయింది.

రెండో రోజంతా సముద్రమే. లిఫ్ట్ దగ్గర గ్లెండా పరిచయమైంది. నాకంటే పదేళ్లు పెద్దది, ఎర్ర స్కూటర్, ఏటా ఓడెక్కుతుందట. భోజనాల వేళ లిఫ్టులు కిటకిటలాడతాయి, మనకి మెట్లు దారి కాదు. "తలుపు తెరుచుకోగానే ఒక్కరి కళ్లలోకే చూడు. అందరినీ చూస్తే ఎవరూ దిగరు" అని చెప్పింది. నిజంగా పనిచేసింది. తర్వాత నా స్కూటర్ హ్యాండిల్ వైపు చూసింది. దాని మీద వేగం మార్చే బిళ్ల ఉంటుంది, ఒక చివర తాబేలు బొమ్మ, ఇంకో చివర కుందేలు.

"తాబేలు దగ్గర ఎందుకుంది?"

"మా ఆయన పెట్టారు."

"నడిపేది ఆయనా?"

బిళ్ల తిప్పాను. పొడవాటి కారిడార్‌లో మేమిద్దరం దూసుకుపోతుంటే వెనక నుంచి "రాజీ! స్లో! స్లో!" అని కేకలు చాలాసేపు వినిపించాయి.

మూడో రోజు ఉదయం మెక్సికోలోని కోజుమెల్. రేవుకి ఆనుకునే ఆగింది. ర్యాంప్ ఉన్న వ్యాన్ ముందే బుక్ చేశాను, గ్లెండా కూడా మాతో వచ్చింది. బీచ్‌లో పసుపు పచ్చని లావు చక్రాలతో నీళ్ల మీద తేలే కుర్చీ ఉంది.

"సముద్రంలోకా? ఇన్ఫెక్షన్ వస్తే?" అన్నారు మా ఆయన.

"వస్తే దాని పేరు నేనే చెప్తాను. పదండి."

ఆయన కదల్లేదు. ఇద్దరు మనుషులు కుర్చీని నీళ్లలోకి తోశారు. చక్రాలు నేలని వదిలాయి. నీరు నడుముదాకా వచ్చింది. అప్పుడు నా ఎడమ కాలు దానంతటదే పైకి లేచింది. రోజంతా ఇసుక బస్తాలా ఈడ్చుకుని తిరిగే కాలు కుడికాలి పక్కనే అంతే తేలిగ్గా తేలుతోంది. వేళ్లు కదిపి చూశాను. కదలలేదు. కానీ బరువు లేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. ఉప్పునీళ్ల మధ్య అదెవరికీ తెలియలేదు.

ఒడ్డున మా ఆయన నా కుర్చీ జరిగిన వైపే పరిగెడుతూ, "చాలు! ఇంక వచ్చేయ్!" అని చేతులూపుతున్నారు. ఆయన కళ్లు నా మీదే. ఎవరో పిల్లలు ఇసుకలో తవ్విన గొయ్యి ఆయనకి కనపడలేదు. చెయ్యి గాల్లో ఉండగానే మనిషి మాయమయ్యారు.

కుడి చీలమండ బెణికింది. విరగలేదని ఓడ డాక్టర్ చెప్పి కట్టు కట్టి, వీల్‌చెయిర్ ఇచ్చారు. తోసేవాళ్లు ఎవరు? నా స్కూటర్ సీటు వెనక పట్టుకోమన్నాను. నేను లాగాను. ఓడలో జనం ఫోటోలు తీశారు, గ్లెండా చప్పట్లు కొట్టింది. అలా లాగకూడదని సిబ్బందిలో ఒకాయన వచ్చి మర్యాదగా మందలించి, తనే తోసిపెట్టాడు. లిఫ్ట్ ముందు ఎదురుచూస్తూ మా ఆయన "ఇంతసేపా! ఒక్కరూ దిగరేంటి!" అని మండిపడ్డారు.

రాత్రి వెయిటర్ ఈసారి నన్ను అడిగాడు. "సర్‌కి కాఫీ కావాలా మేడమ్?"

"వద్దు. ఆయనకి నిద్ర పట్టదు."

మా ఆయన నా వైపు తిరిగారు. "నేనూ ఇలాగే చేస్తానా?"

"రోజూ."

నేనే వెయిటర్‌ని వెనక్కి పిలిచాను. ఆయన కాఫీ తాగారు, నేను సూప్ తాగాను.

గురువారం పొద్దున గాల్వెస్టన్‌లో దిగాం. కారు దగ్గర అసలు సమస్య. ఫ్రిస్కోదాకా నడపాలి, మా ఆయన కుడికాలు పెడల్ తొక్కలేదు. ఆపరేషన్ తర్వాత నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. కుడికాలు బాగానే ఉందని, నడపొచ్చని డాక్టర్లు చెప్పినా ఇంట్లో ఆ మాట నెగ్గలేదు.

శ్రావణి వచ్చింది. "అంకుల్, మా ఆయన మీ కార్ డ్రైవ్ చేస్తడు. నేను మా కార్‌ల వెనక వస్త."

మా ఆయన సరే అనబోయి ఆగారు. "ఆంటీని అడగమ్మా" అన్నారు.

"థాంక్స్ తల్లీ, నేను నడుపుతాను" అన్నాను.

మొదట పార్కింగ్‌లోనే రెండు చుట్లు తిప్పి చూసుకున్నాను. ద్వీపం దాటించే వంతెన మీద రెండు పక్కలా నీళ్లు, మా ముందూ వెనకా లారీలు. హ్యూస్టన్‌దాకా మా ఆయన లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూనే ఉన్నారు, తొక్కిన ప్రతిసారీ "అబ్బా" అంటున్నారు. హంట్స్‌విల్ దగ్గర పెట్రోల్ కొట్టించుకుని, శాండ్‌విచ్‌లు తిన్నాం. మళ్లీ హైవే ఎక్కాక "అబ్బా"లు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. నొప్పేమోనని పక్కకి చూశాను.

నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆపరేషన్ అయిన రోజు నుంచి నేను పడుకునేదాకా మేలుకునే ఉండే మనిషి. నేను కాస్త కదిలితే లేచి కూర్చునే మనిషి. ఈ సెలవు నా కోసమే అనుకున్నాను. రేడియో కట్టేసి, ఆయన లేవకుండా లేన్ మారకుండా, ఇంటిదాకా నెమ్మదిగా పోనిచ్చాను.