ఇప్పనూనె కరిగిన బండ

నా డైరీలు ఉద్యోగంలో చేరాక మొదలయ్యాయి. అంతకు ముందటి ఈ సంగతికి ఏ పుటా లేదు. పంతొమ్మిది వందల ఇరవైల నడుమ, నేను బడి మొహం చూడని రోజులవి. బాగా గుర్తున్నంతవరకే, జరిగిన వరసలో రాస్తున్నాను.

మా ఊరు డుంబ్రిగుడకు ఎగువన, కొండ మీద. ఊరికీ వాగుకీ మధ్య ఏటవాలుగా పెద్ద నల్లబండ ఉండేది. అది ఎవరి సొత్తూ కాదు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటిదీ. చోడి, అంటే రాగి, కోతలయ్యాక, పుష్యమాసపు చలిలో, సంతకు పోయే పడుచువాళ్ళు అక్కడ ఆగి జారేవారు. కూర్చుని జారడం చిన్నపిల్లల పని. పెద్దవాళ్ళు అరికాళ్ళకు ఇప్పనూనె రాసుకుని నిలబడి జారాలి. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, ఒక పాదం ముందు పెట్టి దిగేవారు. అడుగున ఇసుకలోకి రాగానే మడమ అడ్డం తిప్పి ఆగాలి. ఆగలేనివాణ్ణి సంత దాకా ఏడిపించేవారు.

నాకు ఇదంతా నేర్పినవాడు బావ. బావ అని పిలవడమే గాని అప్పతో, అంటే మా అక్కతో, అతనికి ఇంకా పెళ్ళి కాలేదు. మావాళ్ళలో పిల్ల తండ్రికి ఓలి సొమ్ము ఇచ్చుకోలేని కుర్రవాడు పిల్ల ఇంట్లోనే ఉండి, పోడు కొట్టి, నేల తవ్వి, మామకు తృప్తి కలిగేదాకా పని చేస్తాడు. తృప్తి కలిగితే పెళ్ళి. మధ్యలో పని ఆగిపోతే ఉత్త చేతులతో తన ఊరికి పోవాలి. వచ్చే పోడులో విత్తనాలు పడగానే పెళ్ళి చేస్తానని అయ్య మాట ఇచ్చి ఉన్నాడు.

ఆ ఏడు బావకు కొత్త సరదా పట్టింది. కొండవైపు మొహం పెట్టి, వెనక్కి జారడం. సంతనాడు అందరి ముందూ చేసి చూపాలని కోరిక. పగలు అయ్య పని వదలడు. అందుకని తెల్లవారగానే నన్నూ అప్పనూ వెంటబెట్టుకుని బండ దగ్గరికి పోయేవాడు.

చలికి ఇప్పనూనె నెయ్యిలా పేరుకుంటుంది. బండ మీద ఎండ పడి వెచ్చబడ్డాక గాని ఎవరూ జారరు. రాసినా పలచగా, కాళ్ళకే రాస్తారు. బావకు అంత తీరిక లేదు. ఆ పొద్దు కాళ్ళకు రాసుకుంటే కదల్లేదు. బండకే పులిమాడు. అయినా అంటుకుని నిలిచిపోతున్నాడు. సొరబుర్రలో ఉన్నదంతా తోడి పులిమాడు.

"ఏటి సేత్తన్నావు? బండకి తలంటు పోత్తన్నావా? పెళ్ళికూతురు అదా, నేనా?" అంది కింద నిలబడ్డ అప్ప.

"నువ్వు బేగి కట్టెలేరుకో. మావ లేత్తే ఇద్దరికీ తిట్లే," అన్నాడు బావ.

"వెనక్కెల్లడానికి రొయ్యలున్నాయి. నీకెందుకు?"

"సంతనాడు సూడు, ఊరోల్లంతా నోరెల్లబెడతారు."

మెల్లగా, ఆగి ఆగి, కొన్నిసార్లు దిగాడు. మళ్ళీ పైకెక్కి ఊపిరి తీసుకుంటూ ఉండగా ఎదుటి కొండ దాటి ఎండ వచ్చింది. బండ మీది తెల్లటి పూత నల్లబడి మెరిసింది. నూనె కరిగిందని మాకు తోచేలోపే అతను మాకు వీపు పెట్టి కదిలాడు. ఇసుక అతన్ని ఆపలేదు. వాగు రాళ్ళలో పడ్డాడు. కాలు విరిగిన చప్పుడు నేను విన్నాను.

వెదురు దబ్బలతో కట్టు కట్టారు. ఎముక వంకరగా అతుక్కుంది.

అయ్య తిట్టలేదు. "విత్తనాలేళకి కొండెక్కి పని సెయ్యి. నా మాట నాదే," అన్నాడు.

ఎండాకాలమంతా అప్ప అతన్ని పెరట్లో నడిపించింది. "మోకాలు వంచు. సెయ్యి సాపు. కిందకి సూడకు." బండ మీద నాకు బావ చెప్పిన మాటలే అవి.

తొలి వానలకు బావ కర్ర సాయంతో పోడు దాకా ఎక్కాడు. తవ్వాడు కూడా. మధ్యాహ్నం పెద్దవాన పట్టింది. దిగేటప్పుడు ఎర్రమన్ను కాలు నిలవనివ్వలేదు. పడ్డాడు. లేచి మళ్ళీ పడ్డాడు. చివరికి కూర్చుని, చిన్నపిల్లలు జారినట్టు, రెండు చేతులతో మన్ను తోసుకుంటూ కిందిదాకా వచ్చాడు. తవ్వే గొప్పులు రెండూ భుజాన వేసుకుని అప్ప వెనకాలే దిగింది. ఆమె నవ్వలేదు, చెయ్యీ ఇవ్వలేదు. అడుగున అయ్య నిలబడి చూస్తున్నాడు.

"ఎక్కేను కదా మావా," అన్నాడు బావ, కిందనుంచి లేవకుండానే.

"దిగడం కూడా పనిలోదే, గుంటడా." అయ్య గొంతులో కోపం లేదు.

మర్నాడు అమ్మ పోసిన అంబలి తాగి బావ ఉత్త చేతులతో తన ఊరికి బయలుదేరాడు. అప్ప బండ దాకా వెళ్ళి వచ్చింది. గుమ్మంలో అయ్య బావ వదిలిన గొప్పు ఆమె చేతికిచ్చాడు. సగం పోడు ఇంకా మిగిలి ఉంది.