పగలు తిరిగే దీపం పురుగు

కందిరీగ మేస్త్రి అరిస్తే అద్దం కొయ్యడానికి పనిముట్టు అక్కర్లేదు, దానంతటదే గీసినట్టు రెండు ముక్కలయ్యేది. నమ్మకపోతే పక్కనున్న కళ్లజోళ్ల కొట్టాయన్ని అడగండి. ఆయన చెవుల్లో దూది పెట్టుకునే బేరాలాడేవాడు.

అద్దాల కొట్లో ఈ కందిరీగే పెద్ద మేస్త్రి. పొద్దున్నే తాళంకప్పను తిట్టి, తాళంచెవిని తిట్టి, తెరుచుకున్నందుకు తలుపును కూడా తిట్టి లోపలికొచ్చేవాడు. ఇక సాయంత్రం దాకా జుయ్యిమని ఒకటే రొద; ఆ పేరు అందుకే.

చట్రాలు బిగించే అక్క అక్కడ కొత్త. ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం. ఓ నాడు నిలువుటద్దాన్ని అడ్డంగా మోసుకొస్తుంటే అది నడిమికి విరిగి భళ్లుమంది. సరిగ్గా అప్పుడే యజమాని గుమ్మంలోకొచ్చాడు. అద్దం పగిలితే ఉద్యోగం ఊడినట్టేనని ఆయన చేర్చుకున్న రోజే చెప్పాడు.

యజమాని నోరు తెరిచేలోపే మేస్త్రి లేచాడు.

"నిలువుటద్దాన్ని ఎవరైనా పడుకోబెట్టి మోస్తారా? చంటిపిల్లా అది? అయ్యగారూ, మీరు తప్పుకోండి! ఈవిణ్ణి ఇప్పుడే పంపేద్దాం. ఆ పిల్లల్ని కూడా పిలిపించండి, వాళ్లనీ నాలుగు దులుపుతాను!"

"పిల్లలేం చేశారయ్యా?" యజమాని బిత్తరపోయాడు.

"రేపు వాళ్లు మాత్రం పగలగొట్టరని ఏంటి నమ్మకం?"

"ఛ, ఊరుకో! మనిషివా, రాక్షసుడివా? పాపం ఆడకూతురు, చెయ్యి జారింది. వెధవ అద్దం, పోతే పోయింది. నువ్వు ఏడవకమ్మా, రేపు మామూలుగా పనిలోకి రా." ఆమెను తానే ఓదార్చి, మేస్త్రిని ఉరిమి చూసి వెళ్లిపోయాడు యజమాని.

అక్క కళ్లు తుడుచుకుంటూ గాజుముక్కలు ఊడుస్తోంది. పాత చట్రం చెక్కను తొలుచుకుని, పసుపు నలుపు చారల పురుగొకటి బయటికొచ్చింది.

"అమ్మో, కందిరీగ!" అని చీపురెత్తింది.

మేస్త్రి చీపురు పట్టుకు ఆపి, పురుగును వట్టి అరచేతి మీదికి ఎక్కించుకున్నాడు.

"కందిరీగ కాదమ్మా. దీపం పురుగు జాతి, ఇది మాత్రం పగలే తిరుగుతుంది. కొండి లేదు పాపం. పిట్టలు జడుసుకుంటాయని ఈ వేషం."

గొంతులో రొద లేదు. కిటికీ దగ్గరికెళ్లి మెల్లిగా ఊదాడు. గాజులాంటి రెక్కలు విప్పుకుని అది ఎగిరిపోయింది.

ఇన్ని తిట్లు తినే కొట్లో తను తప్ప అందరూ పాతకాపులే ఎందుకున్నారో అక్కకు అప్పుడు తట్టింది.

"మేస్త్రిగారూ, మీరు అరిచింది నా ఉద్యోగం నిలబెట్టడానికే కదూ?"

"అదేం లేదు. ఎలాగూ ఎవరో ఒకరు అరవాల్సిందే. నాది కాస్త పెద్ద గొంతు."